ఉగ్రవాద సంస్థలో సభ్యత్వం: కోర్టులో ఏది రుజువు, ఏది అనుమానం?

వరంగల్ లా విద్యార్థిని:

అందరికీ నమస్కారం. నేను ఎల్‌ఎల్‌బీ చివరి సంవత్సరం చదువుతున్నాను. ఉపా చట్టం, అంటే చట్టవ్యతిరేక కార్యకలాపాల (నిరోధక) చట్టం కింద సభ్యత్వ నేరం మీద ఒక వ్యాసం రాయాల్సి ఉంది. నిషేధిత సంస్థలు రిజిస్టరు పెట్టవు, చందా రసీదు ఇవ్వవు, మారుపేర్లతో నడుస్తాయి. మరి ఒక మనిషి అందులో సభ్యుడని న్యాయస్థానం ఏ ఆధారంతో నిర్ధారణకు వస్తుంది? 2011లో అరూప్ భుయాన్ కేసులో సుప్రీంకోర్టు కేవలం సభ్యత్వం నేరం కాదని చెప్పింది. 2023 మార్చి 24న ముగ్గురు న్యాయమూర్తుల ధర్మాసనం దాన్ని తోసిపుచ్చింది. ఆ తర్వాత ఇక పేరు ఏదో ఒక కాగితంలో దొరికితే చాలన్నట్లుగా కొందరు రాస్తున్నారు. అది నిజమేనా? సీనియర్లు దయచేసి వివరంగా చెప్పగలరు.

సెషన్స్ వకీలు:

మంచి ప్రశ్న వేశావమ్మా. ముందుగా చట్టంలో సభ్యత్వం అనే మాట ఒకే చోట లేదని గమనించాలి. మూడు చోట్ల ఉంది, మూడింటి రుజువూ వేరు.

సెక్షన్ 10 చట్టవ్యతిరేక సంఘాలకు సంబంధించినది. కేంద్రం సెక్షన్ 3 కింద ఒక సంఘాన్ని చట్టవ్యతిరేకమని ప్రకటించి, ఆ ప్రకటనను ట్రిబ్యునల్ ధ్రువీకరించిన తర్వాత కూడా అందులో సభ్యుడిగా కొనసాగే వ్యక్తికి గరిష్ఠంగా రెండేళ్ల జైలు పడుతుంది. ఉగ్రవాద సంస్థల సంగతి దీనికి భిన్నం. అవి చట్టంలోని మొదటి షెడ్యూలులో చేరతాయి. సీపీఐ (మావోయిస్టు) 2009 జూన్‌లో, ఇండియన్ ముజాహిదీన్ 2010 జూన్‌లో ఆ షెడ్యూలులోకి వచ్చాయి. ఇలాంటి సంస్థ విషయంలో సెక్షన్ 20, సెక్షన్ 38 వర్తిస్తాయి. ఉగ్రవాద చర్యలో పాలుపంచుకున్న ముఠాలోనో సంస్థలోనో సభ్యుడైన వాడికి యావజ్జీవం వరకు శిక్ష వేయవచ్చని సెక్షన్ 20 చెబుతుంది. ఉగ్రవాద సంస్థ కార్యకలాపాలను ముందుకు తీసుకువెళ్లే ఉద్దేశంతో దానితో అనుబంధం పెట్టుకున్నవాడికి, లేదా అనుబంధం ఉందని చెప్పుకున్నవాడికి పదేళ్ల వరకు శిక్ష ఉంటుందని సెక్షన్ 38 చెబుతుంది.

నువ్వు ప్రస్తావించిన 2023 తీర్పు రాజ్యాంగబద్ధమని నిలబెట్టింది సెక్షన్ 10లోని నిబంధననే. నిషేధం గురించి తెలిసి కూడా సభ్యుడిగా కొనసాగడాన్ని పార్లమెంటు నేరంగా చేయవచ్చనీ, దానికి తోడు హింసకు పాల్పడినట్లు కూడా చూపాలని కోర్టులు చట్టంలో లేని షరతును చేర్చరాదనీ ఆ ధర్మాసనం చెప్పింది. సభ్యుడని రుజువైన తర్వాత శిక్షించవచ్చా అన్న ప్రశ్నకు అది జవాబు. సభ్యుడని ఎలా రుజువు చేయాలన్న ప్రశ్నను అది ముట్టుకోలేదు. ఆ భారం అప్పుడూ ప్రాసిక్యూషన్ మీదే ఉంది, ఇప్పుడూ ఉంది.

విశ్రాంత పోలీసు అధికారి:

వకీలు గారు చెప్పిన చట్టం సరైనదే. అయితే దర్యాప్తు చేసేవాడి వైపు నుంచి కూడా కొంత చెప్పాలి. నా ఉద్యోగ జీవితంలో ఎక్కువ కాలం ఉత్తర తెలంగాణలోనే గడిచింది. అజ్ఞాత సంస్థ అంటేనే ఆనవాళ్లు చెరిపేసుకునే సంస్థ. దళ సభ్యుడికి పార్టీ పేరు ఒకటి ఉంటుంది, ఏరియా మారితే ఆ పేరూ మారుతుంది. పట్టణంలో కొరియర్‌గా పనిచేసేవాడికి తాను చేరవేస్తున్న ఉత్తరం ఎవరిదో కూడా తెలియకుండా జాగ్రత్తపడతారు. అటువంటప్పుడు ప్రత్యక్ష సాక్ష్యం తెమ్మంటే ఎక్కడి నుంచి తేగలం? డంపులో, అంటే అడవిలో దాచిపెట్టిన చోట దొరికిన లేఖలు, లొంగిపోయినవారి వాంగ్మూలాలు, ఫోన్ రికార్డులు, డబ్బు చేతులు మారిన తీరు, ఇవన్నీ కలిపి గొలుసుగా చూపడమే మాకున్న దారి. 2011 తీర్పు ప్రకారం సభ్యుడని తేలినా సరే, అతను హింసకు దిగేదాకా చట్టం చేతులు కట్టుకుని చూడాల్సి వచ్చేది. ప్రాణాలు పోయిన కుటుంబాలను చూసినవాడిగా ఆ స్థితి నాకు ఎప్పుడూ న్యాయంగా అనిపించలేదు. 2023 తీర్పు సరైనదని నేను నమ్ముతున్నాను.

రాజమండ్రి లెక్చరర్:

అధికారి గారు చెప్పిన కష్టం కాదనలేనిది. అయితే అరూప్ భుయాన్ కేసులో అసలు జరిగిందేమిటో ఒకసారి చూడాలి. అతను అస్సాంలోని సాయుధ సంస్థ ఉల్ఫా సభ్యుడని, అప్పటి ఉగ్రవాద నిరోధక చట్టమైన టాడా కింద గువాహటిలోని ప్రత్యేక కోర్టు 2007లో శిక్ష వేసింది. ఆధారం అతను ఎస్పీ ముందు ఇచ్చినట్లు చెప్పిన ఒప్పుకోలు ఒక్కటే. దాన్ని బలపరిచే సాక్ష్యం మరొకటి లేదు. జస్టిస్ మార్కండేయ కట్జూ, జస్టిస్ జ్ఞానసుధా మిశ్రా ధర్మాసనం మొదట ఆ ఒప్పుకోలు నమ్మదగినది కాదని చెప్పి, ఆ తర్వాతే కేవల సభ్యత్వం సంగతికి వచ్చింది. 2023లో పక్కకు పోయింది ఈ రెండో భాగం. బలపరిచే సాక్ష్యం లేని ఒప్పుకోలు మీద శిక్ష వేయడం ప్రమాదకరమన్న మొదటి భాగాన్ని విద్యార్థులు మరచిపోకూడదు.

టాడాలోనూ, దాని తర్వాత వచ్చిన ఉగ్రవాద నిరోధక చట్టం పోటాలోనూ ఎస్పీ స్థాయి అధికారి నమోదు చేసిన ఒప్పుకోలు సాక్ష్యంగా చెల్లేది. ఉపా చట్టంలో అటువంటి సెక్షన్ లేదు. అంటే పోలీసుల ముందు నిందితుడు ‘నేను ఫలానా పార్టీ సభ్యుణ్ని’ అన్నా అది అతనికి వ్యతిరేకంగా పనికిరాదు. పాత సాక్ష్య చట్టంలో సెక్షన్ 25, ఇప్పటి భారతీయ సాక్ష్య అధినియమంలో సెక్షన్ 23 ఇదే చెబుతాయి. మన దగ్గర కన్ఫెషన్ పంచనామా అని రాసే కాగితంలో, నిందితుడు చూపించగా ఒక వస్తువు దొరికితే ఆ మేరకే, ఆ వస్తువు గురించిన మాటలే చెల్లుతాయి. ‘పదేళ్లుగా పార్టీలో పనిచేస్తున్నాను’ అన్న వాక్యం ఆ కాగితంలో ఉన్నా కోర్టు దాన్ని చదవకూడదు. పత్రికలలో మాత్రం మరుసటి రోజు పతాక శీర్షికగా వచ్చేది ఆ వాక్యమే.

ఇక సెక్షన్ 38 విషయం. 2021 అక్టోబరు 28న త్వాహా ఫజల్ కేసులో జస్టిస్ అజయ్ రస్తోగి, జస్టిస్ అభయ్ ఓకా ధర్మాసనం చెప్పినదాన్ని నీ వ్యాసానికి వెన్నెముకగా పెట్టుకోవచ్చు. కోజికోడ్‌లో 2019 నవంబరులో అరెస్టయిన ఇద్దరు విద్యార్థుల దగ్గర మావోయిస్టు పార్టీకి చెందిన సాహిత్యం, కరపత్రాలు, బ్యానర్ల రాతలు దొరికాయి. సంస్థతో అనుబంధం ఉన్నట్లు ప్రాథమికంగా కనిపించినా, దాని కార్యకలాపాలను ముందుకు తీసుకువెళ్లే ఉద్దేశం కూడా ఛార్జిషీటులోని ఆధారాల్లో కనిపిస్తేనే సెక్షన్ 38, సంస్థకు మద్దతివ్వడానికి సంబంధించిన సెక్షన్ 39 నిలుస్తాయని కోర్టు చెప్పింది. ఆ కేసులో సెక్షన్ 20 కింద అభియోగమే పెట్టలేదు. ఇది బెయిలు దశలో వచ్చిన తీర్పు. బెయిలు దశలోనే ఉద్దేశానికి ఆధారం అడిగినప్పుడు, శిక్ష వేసే దశలో అంతకంటే తక్కువతో సరిపెట్టుకోవడం కుదరదు.

కరీంనగర్ పాఠకుడు:

నేను న్యాయవాదిని కాను. 2023లో బయటికి వచ్చిన ములుగు జిల్లా తాడ్వాయి కేసు గురించి అడగాలని ఉంది. ప్రొఫెసర్ హరగోపాల్ గారితో సహా 150 మందికి పైగా పేర్లు ఉపా ఎఫ్‌ఐఆర్‌లో ఉన్నాయనీ, అడవిలో దొరికిన మావోయిస్టు సాహిత్యంలో ఆ పేర్లు ఉన్నాయనీ చదివాం. అప్పటికే చనిపోయిన విశ్రాంత న్యాయమూర్తి పేరు కూడా ఆ జాబితాలో ఉంది. తర్వాత ప్రభుత్వం హరగోపాల్ గారి మీద కేసు ఉపసంహరించుకోమని ఆదేశించింది. ఎవరో రాసుకున్న నోటుపుస్తకంలో నా పేరు ఉంటే నేను సభ్యుణ్ని అయిపోతానా?

సెషన్స్ వకీలు:

అయిపోరండీ. ఎవరో ఒకరు రాసుకున్న కాగితంలో మీ పేరు ఉండటం దర్యాప్తుకు ఒక కొస అవుతుందే తప్ప రుజువు కాదు. దాన్ని రాసిందెవరు, అతను సాక్షి బోనెక్కాడా, చేతిరాత నిపుణుడు పోల్చి చూశాడా, రాసింది నిజమని చెప్పే స్వతంత్ర ఆధారం ఉందా అని వరుసగా అడగాలి. కుట్రదారుల్లో ఒకరు ఉమ్మడి పథకం గురించి రాసినది మిగతావారి మీద చెల్లుతుందన్న నియమం ఒకటి ఉంది, నిజమే. అయితే మీరు ఆ కుట్రలో ఉన్నారని నమ్మడానికి తగిన ఆధారం ముందుగా వేరేగా ఉండాలి. ఆ కాగితాన్నే చూపి మిమ్మల్ని కుట్రలోకి లాగి, మళ్లీ కుట్రలో ఉన్నారు కాబట్టి ఆ కాగితం చెల్లుతుందనడం కుదరదు.

భీమా కోరెగావ్ కేసులో వెర్నన్ గోన్సాల్వెస్, అరుణ్ ఫెరీరాలకు 2023 జూలై 28న బెయిలిస్తూ సుప్రీంకోర్టు సరిగ్గా ఈ విషయమే చూసింది. వారి పేర్లున్న లేఖలు వారి దగ్గర దొరకలేదు, ఇతరుల దగ్గర దొరికాయి. అటువంటి వాటి సాక్ష్య విలువ బలహీనమని చెప్పింది. హింసను ప్రేరేపించే సాహిత్యమైనా సరే, కేవలం దాన్ని దగ్గర ఉంచుకోవడం ఉగ్రవాద చర్య కాదని కూడా చెప్పింది. అదే భీమా కోరెగావ్ కేసులో నిందితురాలైన షోమా సేన్ విషయంలో 2024 ఏప్రిల్‌లో మరో అడుగు వేసి, నిందితులుగా ఉన్నవారిని కలవడం, వారితో సంబంధంలో ఉండటం మాత్రమే చాలదనీ, ఉగ్రవాద చర్యతో ముడిపెట్టే ఆధారం అదనంగా ఉండాలనీ అన్నది. ఈ రెండు తీర్పులూ 2023 మార్చి తీర్పు తర్వాత వచ్చినవే.

విశ్రాంత పోలీసు అధికారి:

గౌరవంగానే ఒక మాట అడుగుతాను వకీలు గారూ. సాహిత్యం చాలదు, లేఖ చాలదు, కలవడం చాలదు అని ఒక్కొక్కటీ విడివిడిగా తీసేస్తే చివరికి మిగిలేదేమిటి? పరిస్థితుల సాక్ష్యాన్ని మొత్తంగా చూడాలని కూడా సుప్రీంకోర్టే కదా చెప్పింది. వటాలీ కేసులో 2019లో బెయిలు దశలో ఆధారాలను విడదీసి తూచకూడదని స్పష్టంగా అన్నారు.

సెషన్స్ వకీలు:

మొత్తంగా చూడాలన్నది నేనూ ఒప్పుకుంటాను. ఒక్కో ఆధారం బలహీనమైనా కలిసి బలమైన గొలుసు అయిన కేసులు నేను చూశాను. అయితే ఆ గొలుసులో ప్రతి కొలికీ చట్టబద్ధంగా కోర్టులోకి వచ్చినదై ఉండాలి. కోర్టులో చెల్లని కాగితాలు పది కలిపినా చెల్లే సాక్ష్యం కాదు. వటాలీ తీర్పు బెయిలు దశకు సంబంధించినది. సెక్షన్ 43డీ(5) ప్రకారం ఆరోపణలు పైకి నిజమని నమ్మడానికి సహేతుకమైన కారణాలుంటే బెయిలు రాదు. అక్కడ ఆధారాన్ని ఉన్నదున్నట్లు తీసుకుంటారు. ట్రయల్‌లో అలా కాదు, సందేహానికి తావులేకుండా రుజువు కావాలి. ఈ రెండు మెట్ల మధ్య మనిషి ఏళ్ల తరబడి జైల్లో ఉండిపోవడమే ఈ చట్టంలో నన్ను నిద్రపోనివ్వని విషయం. విచారణ ఇప్పట్లో ముగిసే అవకాశం లేనప్పుడు రాజ్యాంగ న్యాయస్థానాలు బెయిలు ఇవ్వవచ్చని 2021లో నజీబ్ కేసు చెప్పింది. కానీ అంతదాకా వెళ్లే స్తోమత ఎందరికి ఉంటుంది?

పూర్వ రెవెన్యూ ఉద్యోగి:

ఇక్కడ పెద్దలు చట్టం చెబుతున్నారు. నేను ఆ కాగితం పుట్టే చోట నిలబడిన మనిషిని. గ్రామ రెవెన్యూ అధికారిగా పనిచేసిన రోజుల్లో పోలీసులు పిలిస్తే మధ్యవర్తిగా వెళ్లి పంచనామా మీద సంతకం చేసేవాళ్లం. ఊరు, స్టేషను పేర్లు చెప్పను. ఒక ఇంటి సోదాలో ఒక కంప్యూటరు, రెండు పెన్‌డ్రైవులు, ఒక సంచి నిండా పుస్తకాలు తీసుకున్నారు. పుస్తకాల పేర్లు ఒక్కొక్కటీ మా చేత చదివించి రాయించారు, ఆ పని పద్ధతిగానే జరిగింది. పెన్‌డ్రైవుల దగ్గరికి వచ్చేసరికి ‘నల్లరంగు పెన్‌డ్రైవు ఒకటి, ఎరుపురంగుది ఒకటి’ అని రాసి ఊరుకున్నారు. కంపెనీ పేరు లేదు, సామర్థ్యం లేదు, నంబరు లేదు. వాటిని కవరులో పెట్టి లక్క సీలు వేయడం మా కళ్ల ముందు జరగలేదు. స్టేషనుకు వెళ్లాక చేస్తామన్నారు. సంతకం చేయించుకున్న చీటీలు మాత్రం ముందే తీసుకున్నారు.

చాలాకాలం తర్వాత కోర్టు నుంచి సమను వచ్చింది. ‘మీరు చూసిన పెన్‌డ్రైవు ఇదేనా?’ అని డిఫెన్సు న్యాయవాది చూపించి అడిగితే, నల్లగా ఉంది అన్నంతవరకే ప్రమాణం మీద చెప్పగలిగాను. అందులో ఏముందో, మధ్యలో ఎవరు తెరిచారో నేనెలా చెప్పగలను? సభ్యత్వానికి ముఖ్య ఆధారమని చెప్పిన ఫైళ్లన్నీ ఆ నల్లటి వస్తువులోవేనని నాకు ఆ రోజే తెలిసింది.

సెషన్స్ వకీలు:

అయ్యా, మీరు రాసింది ఈ చర్చ మొత్తానికీ కేంద్రం. ఎలక్ట్రానిక్ పరికరాన్ని జప్తు చేసిన చోటే దాని హాష్ విలువ, అంటే అందులోని సమాచారానికి వేలిముద్ర లాంటి సంఖ్య నమోదు చేసి, ప్రతి తీసి, అందరి ముందు సీలు వేస్తే తర్వాత అందులో ఒక్క అక్షరం మారినా బయటపడుతుంది. అది చేయనప్పుడు, దొరికిన ఫైళ్లు ఎంత తీవ్రమైనవైనా, అవి నిందితుడివేనన్న రుజువు దగ్గర కేసు కుంటుపడుతుంది.

మన అమలాపురంలో పుట్టిన ప్రొఫెసర్ జీఎన్ సాయిబాబా కేసు ఇందుకు పెద్ద ఉదాహరణ. మావోయిస్టు పార్టీతో సంబంధాల ఆరోపణపై 2017 మార్చి 7న గడ్చిరోలి సెషన్స్ కోర్టు ఆయనకు యావజ్జీవం వేసింది. సెక్షన్ 20, 38, 39 అన్నీ అందులో ఉన్నాయి. 2024 మార్చి 5న బొంబాయి హైకోర్టు నాగపూర్ ధర్మాసనంలో జస్టిస్ వినయ్ జోషి, జస్టిస్ వాల్మీకి మెనెజెస్ అందరినీ నిర్దోషులుగా తేల్చారు. ఢిల్లీలో ఆయన ఇంట్లో జరిగిన సోదా నమ్మదగిన రీతిలో రుజువు కాలేదని చెప్పారు. విశ్వవిద్యాలయ ప్రాంగణంలో చదువుకున్నవారు ఎందరో అందుబాటులో ఉండగా, చదవడం రాయడం రాని వ్యక్తిని సోదాకు సాక్షిగా పెట్టుకోవడాన్ని ఎత్తిచూపారు. ఎవరైనా ఇంటర్నెట్ నుంచి నక్సలైటు సాహిత్యం, వీడియోలు దించుకున్నా, ఆ సిద్ధాంతం పట్ల సానుభూతి ఉన్నా అదే నేరం కాదనీ, ఒక నిర్దిష్ట ఘటనలో చురుకైన పాత్రను చూపే ఆధారం కావాలనీ స్పష్టం చేశారు. ప్రాసిక్యూషన్‌కు ఇచ్చిన అనుమతి కూడా చెల్లదన్నారు. సాయిబాబా గారి విషయంలో ఆ అనుమతి అభియోగాలు నమోదైన తర్వాతే వచ్చింది. ఈ కేసులో శిక్ష పడిన పాండు నరోటే అనే ఆదివాసీ యువకుడు నిర్దోషి అన్న మాట వినకుండానే 2022లో జైలులో ఉండగా చనిపోయాడు. సాయిబాబా గారు విడుదలైన ఏడు నెలలకే, 2024 అక్టోబరు 12న హైదరాబాదు నిమ్స్‌లో కన్నుమూశారు.

సెక్షన్ 45 కింద ఒక స్వతంత్ర అధికారి ఆధారాలను సమీక్షించి సిఫారసు చేశాకే ప్రభుత్వం అనుమతి ఇవ్వాలి. 2008 నియమాల ప్రకారం సిఫారసుకు ఏడు పనిదినాలు, అనుమతికి మరో ఏడు. ఈ గడువులు పాటించి తీరవలసినవేనని 2024 సెప్టెంబరులో ఫూలేశ్వర్ గోపే కేసులో సుప్రీంకోర్టు చెప్పింది. ఈ సమీక్షను తంతుగా కాకుండా నిజంగా చేస్తే, పేరు తప్ప మరేమీ లేని కేసులు అక్కడే ఆగిపోతాయి.

డబ్లిన్ తెలుగువాడు:

నేను ఐర్లాండులో ఉంటాను. ఇక్కడి చట్టం ఇదే సమస్యను మరో దారిలో పరిష్కరించుకుంది కాబట్టి పోల్చుకోవడానికి చెబుతున్నాను. 1972లో చేసిన సవరణ ప్రకారం, ఫలానా వ్యక్తి చట్టవ్యతిరేక సంస్థలో సభ్యుడని తాను నమ్ముతున్నానని చీఫ్ సూపరింటెండెంట్ స్థాయి పోలీసు అధికారి కోర్టులో చెబితే, ఆ నమ్మకమే సాక్ష్యంగా చెల్లుతుంది. ఇక్కడి సాయుధ సంస్థ ఐఆర్‌ఏ కేసులు ఎక్కువగా జ్యూరీ లేని స్పెషల్ క్రిమినల్ కోర్టులో ఇలాగే నడిచాయి. తన నమ్మకానికి మూలమైన ఇన్‌ఫార్మర్ల పేర్లు అధికారి చెప్పనవసరం లేదని 2006లో ఇక్కడి సుప్రీంకోర్టు కూడా అంగీకరించింది. అయితే ఆ నమ్మకం ఒక్కదాని మీదే శిక్ష వేయకుండా, దానికి తోడు మరో ఆధారం వెతకడం ఇక్కడి కోర్టుల ఆచారం.

విశ్రాంత పోలీసు అధికారి:

డబ్లిన్ మిత్రులు చెప్పిన పద్ధతి మన దేశానికి రావాలని నేను కోరను. అధికారి నమ్మకం సాక్ష్యమైతే కింది సిబ్బంది కష్టపడి ఆధారాలు సేకరించడం మానేస్తారు. నా అనుభవంలో సభ్యత్వానికి అన్నింటికంటే గట్టి సాక్ష్యం పార్టీ లోపల పనిచేసి బయటికి వచ్చినవారిదే. ఇటీవల లొంగుబాట్లు బాగా పెరిగాయి కాబట్టి ఇటువంటి సాక్షులూ పెరుగుతారు. వారిని మెజిస్ట్రేటు ముందు ప్రవేశపెట్టి వాంగ్మూలం నమోదు చేయించాలి. నిందితులైతే క్షమాభిక్ష ఇప్పించి అప్రూవర్లుగా, అంటే ప్రాసిక్యూషన్ తరఫు సాక్షులుగా మార్చాలి.

రాజమండ్రి లెక్చరర్:

అధికారి గారి సూచన చట్టపరంగా సరైన దారే. ఒక హెచ్చరిక మాత్రం చేర్చాలి. నేరంలో పాలుపంచుకున్నవాడి సాక్ష్యం మీద శిక్ష వేయడం చట్టవిరుద్ధం కాదు గానీ, ముఖ్యమైన విషయాల్లో వేరే సాక్ష్యం బలపరిస్తే తప్ప నమ్మకూడదన్నది కోర్టులు దశాబ్దాలుగా పాటిస్తున్న జాగ్రత్త. లొంగిపోయినవారికి పునరావాసం, రివార్డు సొమ్ము అందుతాయి. పోలీసులకు నచ్చిన మాట చెప్పాలన్న ఒత్తిడి వారి మీద ఉండదని అనుకోలేం.

తేదీల గురించి కూడా చెప్పాలి. ఎవరైనా 2008లో ఇండియన్ ముజాహిదీన్‌లో చేరి 2009లో పూర్తిగా తప్పుకున్నాడనుకుందాం. అప్పటికి ఆ సంస్థ షెడ్యూలులో లేదు. చేరిన నాటికి సంస్థ షెడ్యూలులో లేదనీ, చేర్చిన తర్వాత తాను దాని కార్యకలాపాల్లో పాల్గొనలేదనీ నిందితుడు రుజువు చేసుకుంటే సెక్షన్ 38 వర్తించదు. ఈ రుజువు భారం మాత్రం నిందితుడిదే. అతను పేలుళ్లలో పాల్గొన్నట్లయితే సంగతి వేరు. ఆ చర్యకు శిక్ష ఉంటుంది, షెడ్యూలుతో పనిలేని ఉగ్రవాద ముఠా అనే నిర్వచనం కూడా ఉంది. కాబట్టి ఛార్జిషీటు చదివేటప్పుడు ఏ తేదీ నుంచి ఏ తేదీ వరకు సభ్యుడని ఆరోపిస్తున్నారో మొట్టమొదట చూడాలి. చాలా ఛార్జిషీట్లలో ఈ కాలం ఉండనే ఉండదు.

అనుబంధ సంఘాల విషయం మరింత చిక్కు. మావోయిస్టు పార్టీని షెడ్యూలులో ‘దాని అన్ని శాఖలు, అనుబంధ సంస్థలు’ అన్న మాటతో కలిపి చేర్చారు. ఏ సంఘం అనుబంధమో షెడ్యూలు పేరు పెట్టి చెప్పదు. తెలంగాణ ప్రభుత్వం 2021లో విరసం (విప్లవ రచయితల సంఘం)తో సహా 16 సంఘాలను రాష్ట్ర ప్రజా భద్రతా చట్టం కింద నిషేధించి, అదే ఏడాది ఆ ఉత్తర్వును వెనక్కి తీసుకుంది. ఒక బహిరంగ సంఘంలో సభ్యుడైనవాడిని అజ్ఞాత పార్టీ సభ్యుడిగా చూపాలంటే, ఆ సంఘం పార్టీ నియంత్రణలో ఉందనీ, ఆ సంగతి ఇతనికి తెలుసనీ రెండూ విడిగా రుజువు కావాలి. రెండో దాన్ని దర్యాప్తులో పట్టించుకోవడం చాలా అరుదు.

వరంగల్ లా విద్యార్థిని:

పెద్దలందరికీ కృతజ్ఞతలు. చివరిగా ఒక్క సందేహం. 2024 జూలై 1 నుంచి అమలులోకి వచ్చిన భారతీయ న్యాయ సంహితలో సెక్షన్ 113(5) కూడా ఉగ్రవాద చర్యలో పాలుపంచుకున్న సంస్థ సభ్యుడిని శిక్షిస్తుంది. అది ఉపాలోని సెక్షన్ 20 లాగే కనిపిస్తోంది. రుజువు విషయంలో తేడా ఏమైనా ఉందా?

రాజమండ్రి లెక్చరర్:

ఉందమ్మా, పెద్ద తేడాయే. శిక్ష రెండింటిలోనూ యావజ్జీవం వరకు ఉంది. కానీ 113లో షెడ్యూలు ప్రస్తావన లేదు. ఉపా కింద షెడ్యూలు సంస్థ అయితే గెజిట్ చూపగానే అది ఉగ్రవాద సంస్థ అన్నంతవరకు స్థిరపడుతుంది. 113(5) కింద ఆ సంస్థ నిజంగా ఉగ్రవాద చర్యలో పాలుపంచుకుందని కూడా ప్రాసిక్యూషన్ ఆ కేసులోనే సాక్ష్యంతో చూపాలి. ఆ తర్వాతే సభ్యత్వం మాట. నిందితుడికి ఇది కొంత రక్షణ. మరోవైపు సెక్షన్ 45 వంటి స్వతంత్ర సమీక్ష 113లో లేదు, 43డీ(5) వంటి బెయిలు అడ్డంకీ లేదు. ఏ చట్టం కింద కేసు పెట్టాలో ఎస్పీ స్థాయికి తగ్గని అధికారి నిర్ణయిస్తారని సెక్షన్ వివరణలో ఉంది. ఏ ప్రమాణాల మీద నిర్ణయించాలో మాత్రం రాయలేదు. ఒకే రకమైన ఆరోపణ మీద ఒక జిల్లాలో ఒకరికి బెయిలు సులువుగా వచ్చి, పక్క జిల్లాలో మరొకరికి ఏళ్లపాటు రాకపోయే అవకాశం ఇక్కడ ఉంది. నీ వ్యాసంలో సమానత్వ హక్కు కోణం నుంచి ఈ వివరణను పరిశీలించు, ఇంకా ఎవరూ లోతుగా రాయని చోటు అది.